పువ్వు పూసేదాకా

ప్రాక్టికల్ పరీక్షలకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళడమంటే నాకు మొదటి నుంచీ చిరాకే. పొద్దున్నే రాజమండ్రిలో పాసింజరు పట్టుకోవాలి. ఎవరిదో కాలేజీలో దుమ్ము దులపని మైక్రోస్కోపుల మధ్య కూర్చోవాలి. పిల్లలు బట్టీపట్టి అప్పజెప్పేవి విని, మొహమాటానికి వాళ్ళు పెట్టిన భోజనం చేసి, సాయంత్రానికి ఇల్లు చేరాలి. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. ఆర్కిడ్లని వెతికి, గుర్తుపట్టి, జాబితా రాసుకోవడం నా పిచ్చి. ఉద్యోగానికీ పిచ్చికీ ఎప్పుడూ పొంతన కుదరలేదు. భీమవరం దగ్గర ఒక కాలేజీలో మాత్రం, ఎనిమిదేళ్ళ కిందట, ఒక్క మధ్యాహ్నం కుదిరింది.

బల్ల మీద వరసగా పెట్టిన నమూనాల్లో ఆర్కిడ్ వేరు ఉంది. మా సబ్జెక్టు చదివిన ప్రతివాళ్ళూ ఆ వేరుని అడ్డంగా కోసి, గాలిలోని చెమ్మని పీల్చుకునే తెల్లటి పైపొర చూసి, బొమ్మ గీసినవాళ్ళే. నేను దానివైపు చూడకుండానే మార్కులు వేసెయ్యగలను. ఆ రోజు వేరుతోపాటు రెండు ఆకులు కూడా ఎవరో తీసెయ్యకుండా వదిలేశారు. మన మైదానాల్లో మామిడిచెట్ల మీద పెరిగే మామూలు ఆర్కిడ్ ఆకు నాకు కళ్ళు మూసుకుని తడిమినా తెలుస్తుంది. పొడుగ్గా, సన్నగా, చివర ఎలక కొరికినట్టు ఉంటుంది. ఈ ఆకు పొట్టిగా, మందంగా ఉంది. చివర కొరికినట్టు లేదు, గుండ్రంగా రెండుగా చీలింది. వేరు కూడా గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉంది. నా ఎదుట నిలబడ్డ పిల్ల ఏదో చెబుతూనే ఉంది. నేనొక్క ముక్కా వినలేదు, మార్కులు మాత్రం దండిగా వేశాను.

ల్యాబ్ అటెండరుని పిలిచి ఇది ఎక్కడిదని అడిగాను. ఆయన కంగారుపడ్డాడు.

"మా మేనత్తగారి ఊళ్ళో తోటలోదండి. ఏటా అక్కణ్ణుంచే తెస్తానండి. ఏంటండి, తప్పుదా అండి?"

తప్పుది కాదని చెప్పి, పరీక్ష అయ్యాక ఆయన బండి మీదే ఆ ఊరు వెళ్ళాను. దారికి రెండువైపులా రొయ్యల చెరువులే. నీళ్ళని చిలుకుతున్న ఏరియేటర్లు, గట్ల మీద మేత బస్తాలు, ఎదురొచ్చే ఐసు లారీలు. ఒకప్పుడు ఇక్కడంతా వరి అని చెబితే నమ్మడానికి ఒక్క గడ్డిపరక ఆధారం లేదు. ఆ చెరువుల మధ్య ఎకరంన్నర తోట ఒకటి మిగిలి ఉంది. కొబ్బరిచెట్లు, వాటి నడుమ నాలుగు ముసలి మామిడిచెట్లు. వాటిలో ఒకదాని మీద, రెండు నిలువుల ఎత్తున, పెద్ద కొమ్మ చీలినచోట మూడు మొక్కలు కూర్చుని ఉన్నాయి. వెతికి వెతికి చూశాను. మిగతా మూడు చెట్ల మీదా ఏమీ లేదు.

తోట ఒక రైతు దంపతులది. ఆయనకి యాభై దాటి ఉంటాయి, నెమ్మదస్తుడు. ఆవిడ ఆయనకన్నా చురుకు. నేను చెట్టు కింద మెడ వెనక్కి వాల్చి నిలబడి ఉండగానే బొండం కొట్టించి తెచ్చి చేతిలో పెట్టింది. "బదనికేగా అండి, తీయించేద్దామనుకుంటూనే ఉన్నాం, చెట్టుని పీల్చేస్తాదంటారు కదా," అంది. చెట్టు మీద ఏం మొలిచినా మన దగ్గర బదనికే అంటారు. ఇది పీల్చదని, కొమ్మని పట్టుకుని కూర్చుంటుందే తప్ప చెట్టుది ఏమీ తినదని చెప్పాను. "అయితే మా ఆడపడుచుల కంటే నయమేనండి," అని నవ్వింది. ఆ నవ్వుకే నేను వాళ్ళ మనిషినైపోయాను.

ఆయన మాత్రం కాసేపు తటపటాయించి అసలు సంగతి చెప్పాడు. ఆ వేసవిలోనే తోట కొట్టేసి చెరువు తవ్విద్దామనుకుంటున్నారు. చుట్టూ ఉప్పునీళ్ళు పెట్టాక ఊట దిగి కొబ్బరిచెట్లు పాడవుతున్నాయి, కాపు సగానికి సగం పడిపోయింది, అందరూ తవ్వుకున్నాక మనం ఒక్కళ్ళం ఆగి ఏం చేస్తామన్నాడు. అందులో కాదనడానికి నాకేం కనబడలేదు.

"కొంచెం ఆగగలరాండి?" అన్నాను.

"ఎంతకాలం ఆగమంటారండి?"

"పువ్వు పూసేదాకా ఆగండి. చాలు."

ఆయన భార్యవైపు చూశాడు. ఆవిడ నావైపు చూసింది. "పూసేదాకా అంటే ఎంతలెండి, ఈ వానలకో వచ్చే వానలకో పూస్తాది," అంది. నేనూ అంతే అనుకున్నాను. ఆయన సరేనన్నాడు. కాయితం లేదు, సంతకం లేదు. వాళ్ళకి నేనెవరో కూడా సరిగ్గా తెలియదు. చదువుకున్న మనిషి, ఆడమనిషి, చెట్టుకింద నిలబడి అడిగింది, మాట ఇచ్చారు.

వచ్చేముందు ఆవిడ అడిగింది, పూస్తే ఏం చేస్తారండి అని. "చూస్తానండీ. చూడ్డానికే," అన్నాను.

అది అబద్ధం. నేను చేసిన చెడుపు అంతా ఈ ఒక్క మాటలో ఉంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఆర్కిడ్‌ని ఆకు చూసి అనుమానించొచ్చు, పేరు చెప్పాలంటే పువ్వు కావాలి. ఆ పువ్వులో ఒక రేకు మిగతావాటిలా ఉండదు, దాన్ని పెదవి అంటాం. దాని ఆకారం, దాని మీద గట్లు, వెనకవైపు తిత్తి, లోపల రెండు పుప్పొడి ముద్దలు, అవి కూర్చున్న తీరు, వీటిని బట్టి ఏ జాతో తేలుతుంది. అందుకని పువ్వుని కొయ్యాలి. ఒకటి రెండు స్పిరిట్‌లో నానబెట్టాలి, ఒకదాన్ని సూదులతో విడదియ్యాలి, మిగతా కాడని కాగితాల మధ్య అదిమి ఎండబెట్టాలి. ఇదంతా ఆవిడతో చెప్పాలనే అనుకున్నాను. గడప దగ్గర పసుపు, తులసికోట దగ్గర ముగ్గు చూసి నోరు రాలేదు. పొద్దు వాలాక పువ్వు ముట్టుకోని ఇల్లు అది. మీ చెట్టు మీద పువ్వు కోసి సారాయి లాంటి దాంట్లో ముంచుతానంటే ఒప్పుకుంటారో లేదోనని భయపడ్డాను. పూసినప్పుడు చెప్పుకోవచ్చులే అనుకున్నాను. అప్పటికి మచ్చికవుతారుగా అనుకున్నాను.

ఆ పువ్వు నాకెందుకంత కావలసి వచ్చిందో కూడా చెప్పాలి. పాతికేళ్ళుగా నేను గుర్తుపట్టినవన్నీ వేరేవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టినవే. మన్యం కొండల్లో తిరిగి తెచ్చిన ప్రతి మొక్కనీ పాత పుస్తకాలతో సరిపోల్చి, ఓహో ఇది అదే అని రాసుకోవడం తప్ప, ఇది అది కాదు అని గట్టిగా అన్న రోజు ఒక్కటీ లేదు. పైగా ఈ మొక్క ఉన్నచోటు నన్ను నిలవనియ్యలేదు. డెల్టా అంటే నిన్న మొన్నటి నేల, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఇక్కడ ఆర్కిడ్లకంటూ పుట్టిల్లు లేదు. వాటి విత్తనం పిండికన్నా సన్నం. గాలికి కొండల మీంచి వచ్చి ఎక్కడో ఓ బెరడులో ఇరుక్కుని, సరైన బూజు తోడు దొరికితేనే మొలుస్తుంది. అలా ఎప్పుడో వచ్చిన మొక్క ఈ వేడికి, ఈ ఉప్పుగాలికి, ఇక్కడి తేనెటీగలకి తగ్గట్టు మారుతూ మారుతూ వేరే జాతి అయిందా? లేక మామూలుదే, ఎండకి ఆకు పొట్టిబడిందా? ఈ ప్రశ్నకి జవాబు తెలిసిన వస్తువు ప్రపంచంలో ఒక్కటే, ఆ మొక్క పెట్టబోయే పువ్వు. రిటైరయ్యేలోపు అది చూడాలని, దానికి పేరు పెట్టాలని నాకు ఆశ. సిగ్గుపడకుండా చెబుతున్నాను, విజ్ఞానం కోసం కొంత, నా కోసం ఎక్కువ.

ఆ వానలకి పూయలేదు. మరుసటి ఏడూ పూయలేదు.

మొక్క బతికే ఉంది. ఏటా ఒకటో రెండో కొత్త ఆకులు వేసేది, తెల్లటి వేళ్ళు కొమ్మ చుట్టూ పాకించేది. నేను రెండు మూడు నెలలకోసారి పాసింజరెక్కి వెళ్ళేదాన్ని. నిచ్చెన తెప్పించి, ఎక్కి, కొలతలు రాసుకుని దిగేదాన్ని. ఆవిడ నిచ్చెన పట్టుకునేది. "మీ మొక్కకి మీలాగే మొండితనమండి," అనేది. ఊళ్ళో దాన్ని మేడమ్ గారి చెట్టు అనడం మొదలుపెట్టారు. బంధువులు ఆయన్ని ఎకసెక్కాలాడేవాళ్ళు, బదనిక కాపలా ఎలా ఉందిరా అని. ఆయన నా ఎదుట ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, ఆవిడే నవ్వుతూ చెప్పేది.

మూడో ఏడు వచ్చేసరికి నవ్వడానికి లేకపోయింది. కొబ్బరి మట్టలు పచ్చబడి వేలాడుతున్నాయి. వేసవిలో తోట నేల మీద తెల్లటి ఉప్పు పొర కనబడేది, చెప్పుతో గీస్తే పిండిలా లేచేది. తోటలోంచి వచ్చేది ఏమీ లేదు, తవ్వితే వచ్చేది వదులుకుంటున్నారు. నాకు తెలుసు. తెలిసి కూడా, వెళ్ళిన ప్రతిసారీ ఆయన అడుగుతాడేమోనని ముందే ఆకుల సంగతి, వేళ్ళ సంగతి గబగబా చెప్పేసేదాన్ని. ఆయన అడగలేదు. ఒక్కసారి మాత్రం, అయిదో ఏడనుకుంటాను, నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చి, "ఇది పూసే జాతేనంటారాండి?" అన్నాడు. పూసే జాతేనన్నాను. ఆ మాట మీద నాకే నమ్మకం సడలుతోందని చెప్పలేదు.

ఇటు మా కాలేజీలో మా విభాగంలో చేరే పిల్లలు లేరు. ల్యాబ్ సగం కంప్యూటర్లవాళ్ళకి ఇచ్చేశారు. ఎండబెట్టిన మొక్కల షీట్లు దాచుకున్న నా హెర్బేరియం బీరువాలు వరండాలోకి వచ్చాయి. నేను పట్టించుకోలేదు. ఒక్క పువ్వు పూస్తే చాలు, మిగతావన్నీ ఎలా పోయినా పరవాలేదనుకున్నాను. మనిషికి అలాంటి ఆశ ఒకటి ఉండకూడదు.

ఆరో ఏడు ఆషాఢంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం క్లాసులోంచి బయటికి వస్తుంటే ఆవిడ ఫోన్ చేసింది. గొంతులో సంబరం ఆగడంలేదు.

"పూసిందండీ మేడమ్ గారూ. పొద్దున్న కొబ్బరాకు తియ్యడానికి చెట్టెక్కినాయన చూసి చెప్పాడండి. తొమ్మిది పువ్వులు. ఇంకా రెండు మొగ్గలు కూడా ఉన్నాయండి."

మెట్ల మీదే కూర్చున్నాను. ఇలాంటి ఆర్కిడ్ పువ్వు కొమ్మన రెండు వారాలు ఉంటుంది, కంగారు లేదని నాకు నేనే చెప్పుకున్నాను. "చెయ్యి తగలనివ్వకండి, సాయంత్రానికి వచ్చేస్తాను. చెట్టు మీదే ఉంది కదండీ?" అన్నాను.

"చెట్టు మీద ఎందుకుంచుతామండి? తొలి పువ్వు కదా, శుక్రవారం కూడానూ. అమ్మవారికి పెట్టేశానండి. రండి, చూద్దురుగాని. ప్రసాదం కూడా మీకని తీసి ఉంచాను."

ఏ రైలు ఎక్కానో, ఎలా వెళ్ళానో గుర్తులేదు. గుమ్మంలోనే ఆవిడ ఎదురొచ్చి నా చేయి పట్టుకుని దేవుడి గదిలోకి తీసుకెళ్ళింది. చిన్న గది, గోడకి అయిదారు పటాలు. లక్ష్మీదేవి పటం ముందు ఇత్తడి పళ్ళెంలో కుంకుమ, అక్షింతలు, నందివర్ధనాలు, వాటి మధ్య తుంపిన రేకులు. అష్టోత్తరం చేసిందావిడ. నూట ఎనిమిది నామాలకి తొమ్మిది పువ్వులు ఎలా సరిపోతాయి? అందుకని ఒక్కొక్క పువ్వునీ రేకురేకుగా విడదీసి, ఒక్కో నామానికీ ఒక్కో రేకు వేసి, చాలనివాటికి నందివర్ధనాలు కలిపింది. ఆరేళ్ళుగా నేను సూదులతో చెయ్యాలని కలగన్న పని ఆవిడ వేళ్ళతో చేసేసింది. తొమ్మిది పువ్వుల పెదవులూ కుంకుమలో నలిగి దీపం వేడికి ముడుచుకున్నాయి. వాటి రంగేమిటో కూడా చెప్పలేకపోయాను. పుప్పొడి ముద్దలు ఒక్కటీ కనబడలేదు. వాటి అడుగున జిగురుంటుంది. ముట్టుకున్నది ఏదైనా తేనెటీగ తలేననుకుని అంటుకుపోతాయి. ఆవిడ వేళ్ళకి అంటుకుని ఉంటాయి. ఆవిడ చేతులు కడుక్కుని ప్రసాదం వండింది.

నా మొహంలో ఏం కనబడిందో, ఆవిడ సంబరం కాస్త తగ్గింది. "మీరు చూడ్డానికే అన్నారు కదండీ. దేవుడి దగ్గరున్నా చూడొచ్చుననుకున్నానండి," అంది.

నేను అన్నమాటే. ఆరేళ్ళ కింద ఆ చెట్టుకింద నా నోటితో అన్నమాటే. ఆవిడ దాన్ని అక్షరాలా నిలబెట్టింది. ఎంతో గొప్ప పువ్వని, ఎవరూ చూడనిదని వెళ్ళిన ప్రతిసారీ ఊదరగొట్టింది కూడా నేనే. అంత గొప్పది పూస్తే ఆ ఇంట్లో ఎక్కడికి వెళుతుంది? నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు, కానీ ఆ గదిలో నేను కాక ఆవిడ తప్ప ఇంకెవరున్నారు? మాట్లాడితే ఏమంటానోనని పెరట్లోకి వచ్చేశాను.

ఆయన పెరట్లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "మొత్తానికి పూసిందండి," అన్నాడు. ఆయన మొహం అంత తేలిగ్గా ఉండగా ఎప్పుడూ చూడలేదు. పక్కవాళ్ళ చెరువులో పొక్లెయిన్ దిగి ఉందట, మాట్లాడితే సోమవారం మన తోటలోకి వస్తానన్నాడట దాని డ్రైవరు. "ఇంక మీ పని అయినట్టేగా అండి?"

ఇంకొక్క ఏడాది అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒకసారి పూసిన మొక్క మళ్ళీ పూస్తుంది. అడిగితే ఆయన ఆగేవాడేనేమో, ఆరేళ్ళు ఆగినవాడు. కానీ అడగాలంటే, మీ ఆవిడ పూజ చేసి నాకు కావలసింది పాడుచేసింది అని చెప్పాలి. ఇన్నాళ్ళూ మీతో నిజం చెప్పలేదు అని చెప్పాలి. ఆవిడ వెనకాలే ప్రసాదం గిన్నెతో నిలబడి ఉంది. ఉప్పు పట్టిన కొబ్బరిచెట్లు ఎదురుగా ఉన్నాయి. ఏ మొహం పెట్టుకుని అడగను?

"అయినట్టేనండి," అన్నాను.

పళ్ళెంలోని రేకులు, ఆవిడ గ్లాసు నీళ్ళలో పెట్టి ఉంచిన పువ్వుకాడ అడిగి తెచ్చుకున్నాను. నిర్మాల్యం తీసుకెళతానంటే ఆవిడ సంతోషించింది, భక్తి అనుకుంది. రాజమండ్రి వచ్చి స్పిరిట్‌లో వేస్తే కుంకుమ కరిగి సీసా అంతా ఎర్రబడింది. పెదవులు ఒక్కొక్కటే విప్పి చూశాను. ఒకదాని మీద మూడు గట్లు ఉన్నట్టే ఉంది, ఇంకోదాని మీద రెండే. ఆ కాడకి రెండు మొగ్గలున్నాయి, అవి చిక్కుడుగింజంత కూడా లేవు, లోపల ఏదీ రూపుకట్టలేదు. ఫోటో తియ్యలేదా అని అందరూ అడుగుతారు. ఆయన తీశాడు. ఒకటి కింద నుంచి ఆకాశానికి ఎదురుగా, అంతా నలుపు. ఇంకోటి పూజ అయ్యాక, అందులో లక్ష్మీదేవి బాగా వచ్చింది. ఆకు ముక్క ఉంటే డీఎన్ఏతో తెలిసిపోదా అంటారు. పంపించాను. ఫలానాదానికి దగ్గరి చుట్టమని రాశారు, అదేనా కాదా అన్నది పువ్వున్న నమూనా పంపితే చూస్తామన్నారు.

సోమవారం చెట్టు కొట్టేముందు మూడు మొక్కలూ దింపించాను. ఆ వేళ్ళు బెరడులోకి ఎంత దిగి ఉన్నాయంటే, సగం తెగితే గాని రాలేదు. కొబ్బరిపీచుతో కట్టి మా కాలేజీ ఆవరణలో మామిడిచెట్టుకి ఎక్కించాను, రోజూ చూసుకోవచ్చని చేతికందే ఎత్తులో. ఒకటి నెలలోపే కుళ్ళింది. ఒకటి వేసవి దాటలేదు. మూడోది నిలదొక్కుకుంది, కొత్త వేరు వేసింది, ఆకుపచ్చటి కొస చూసి నేను మళ్ళీ లెక్కలు కట్టుకోవడం మొదలుపెట్టాను, ఇంకో రెండేళ్ళు, మూడేళ్ళు అని. ఇంతలో తనిఖీ కమిటీ వస్తోందని ఆవరణ ముస్తాబు చేయించారు. చెట్ల మానులన్నిటికీ సున్నం కొట్టి పైన ఎర్రగా జాజు గీత పెట్టారు. సెలవు నుంచి నేను వచ్చేసరికి మొక్క మానుతో కలిసిపోయి తెల్లగా, పెళుసుగా ఉంది. సున్నం కొట్టినవాళ్ళని అడగలేదు. వాళ్ళకి మాత్రం ఎవరు చెప్పారు గనక?

జాబితా అచ్చయింది. అందులో ఆ మొక్క లేదు. పువ్వు లేని మొక్కని ఏ పేరుకింద రాయను? నా బీరువాలో ఒక షీటుంది, రెండు ఆకులు, ఎండిన కాడ, ఒక కవర్లో ఎర్రటి రేకులు. ఊరు, చెట్టు, తేదీ అన్నీ రాశాను. పేరున్నచోట ఖాళీ. నేను రిటైరయ్యాక ఆ బీరువా ఏమవుతుందో నాకు బాగా తెలుసు. చెదలకి ఏ జాతైనా ఒకటే.

ఆవిడ మాత్రం మర్చిపోలేదు. ఆ తరవాత ఆషాఢంలో ఫోన్ చేసి, పేరు దొరికిందాండి అని అడిగింది. ఇంకా చూస్తున్నానన్నాను. మధ్యలో ఓ రెండుసార్లు అడిగింది, అప్పుడూ అదే చెప్పాను. ఈ ఏడు మళ్ళీ చేసింది. చెరువు బాగానే ఉందని, ఒక పంటకి తెగులొచ్చినా రెండోది నిలబడిందని చెప్పాక అంది:

"ఆ రోజు మీ మొహం చూశానండి. నేనేదో చెయ్యకూడనిది చేశాను కదండీ? పూజ చేసినప్పుడల్లా అదే గుర్తొస్తాదండి. ఆయనతో కూడా చెప్పలేదు."

రెండేళ్ళుగా ఆవిడ ఇది మోస్తోందని నాకు తెలియదు. నా పువ్వు, నా పేరు, నా జాబితా అనుకుంటూ నేను ఏడుస్తున్నాను తప్ప, ఆ దేవుడి గదిలో కూర్చున్న మనిషి సంగతి ఆలోచించలేదు. ఆవిడ మీద జాలేసింది. ఇంక నిజం చెప్పినా చెప్పకపోయినా తేడా ఏముంది, ఈవిడకైనా మనశ్శాంతి ఉండాలనుకున్నాను.

"అలాంటిదేం లేదండీ," అన్నాను. "పేరు తేలింది. మామూలుదే. అన్నిచోట్లా ఉండేదే. మీరు చేసినదాంట్లో తప్పేం లేదు."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "పోన్లెండి. ఎంత మంచిమాట చెప్పారండీ," అంది.  నాకూ ఒక్క నిమిషం తేలిగ్గా అనిపించింది, ఇన్నేళ్ళలో ఆ మొక్క విషయంలో నేను చేసిన ఒకే ఒక్క మంచిపని ఇదేనని.

ఆయన పక్కనే ఉన్నట్టున్నాడు. ఏంటంట అని అడగడం వినబడింది.

"మన చెట్టు మీద పువ్వండి. మామూలుదేనంట. అన్నిచోట్లా ఉంటాదంట," అని చెప్పిందావిడ, సంతోషంగానే.

 ఏరియేటర్ల హోరు వినిపిస్తోంది, చెరువు గట్టున ఉండి ఉంటారు. తరవాత ఆయన, నెమ్మదిగా, కోపం ఏమాత్రం లేకుండా, నాకు వినబడుతోందని కూడా తెలియక అన్నాడు.

"మరి ఆరేళ్ళు ఎందుకాగినట్టు?"

 వీలు చూసుకుని భోజనానికి రండి అని ఆవిడ నాతో అంటూనే ఉంది. వస్తానండీ అన్నాను. ఫోన్ పెట్టేసేలోగా ఆయన ఆ మాట ఇంకోసారి అడిగాడు.